బొమ్మల ఇంట్లో గాజుల గంగమణి

బాన్సువాడ బస్టాండు ఎదురు వరసలో గాజుల దుకాణం నడిపిన గంగమణికి, హైదరాబాదు వెళ్ళి బొమ్మల ప్రదర్శనలు చూసే అలవాటు ఎట్లా అబ్బిందని ఎవరైనా అడిగితే, "గట్లనే అయింది తీ" అని మాట దాటేసేది. దాటేయక ఏం చేస్తుంది? కళ మీద ప్రేమతో మొదలైన అలవాటు కాదాయె. బాత్రూం కోసం మొదలైంది.

అది తొంభై నాలుగు ఎండాకాలం. ఆమె అప్పుడప్పుడు సరుకు కోసం పట్నం పోయేది. చార్మినారు దగ్గర గాజులు, బేగంబజారులో బొట్టుబిళ్ళలు, రిబ్బన్లు, పిన్నులు కొని, రెండు చేతులా సంచులు మోసుకుంటూ తిరిగి బస్సెక్కేది. మగవాళ్ళకైతే పట్నంలో ప్రతి గోడా అక్కరకొచ్చేదే. ఆడమనిషి సంగతి అట్లా కాదు. ఆ రోజు లక్డీకాపూల్ దాటాక సిటీ బస్సు చెడి ఆగిపోయింది. గంగమణి అవసరం మాత్రం ఆగేలా లేదు. కనిపించిన మొదటి పెద్ద గేటులోకి నడిచేసింది. లోపల ఒక తెల్లటి మేడ, దాని ముందు గుడ్డ బ్యానరు, కుర్చీలో కాపలా మనిషి.

"బొమ్మలు సూడనీకొచ్చిన్రా అమ్మా?" అన్నాడతను.

"ఆ, సూడనీకే," అంది గంగమణి. "బాత్రూం ఏ దిక్కున్నది?"

పని అయ్యాక ఆమె సంచులెత్తుకొని బయటికొచ్చి ఉంటే ఈ ముచ్చటే లేదు. కాని గంగమణికి ఒక మర్యాద ఉంది. ఒకరింట్లో నీళ్ళు వాడుకొని, ఆ ఇంటివాళ్ళు ముచ్చటపడి పెట్టుకున్న వస్తువుల వైపు చూడకుండా పోవడం ఆమెకు చేతకాదు. పైగా చూడడానికే వచ్చానని నోటితో అన్నది. అందుకని సంచులు మూలన పెట్టి, కొంగు సర్దుకొని, గోడ వెంబడి నడుస్తూ బొమ్మలన్నీ చూసింది.

మొదటిది తలుపంత పెద్ద గుడ్డ. దాన్నిండా నలుపు తప్ప మరొకటి లేదు. ఏమైనా కనబడుతుందేమోనని గంగమణి చాలాసేపు నిలబడింది. గడ్డం మనిషి ఒకాయన పక్కకొచ్చి, ఎలా ఉందని అడిగాడు.

"కరెంటు పోయినట్టున్నది సారూ," అంది ఉన్నమాట.

ఆ గడ్డమాయన ముఖం వెలిగిపోయింది. ఎవరినో పిలిచి ఆమె చేతికి చాయ కప్పిప్పించాడు. చల్లటి ఏసీ గాలి, చేతిలో చాయ, కొనమని వెంటబడేవాళ్ళు లేరు. బేగంబజారు గంటల తరబడి నలిపేశాక, ఇట్లాంటి చోటు కూడా పట్నంలో ఉందా అనుకుంది.

మరుసటిసారి బాత్రూం అవసరం లేకపోయినా వెళ్ళింది. ఆ తర్వాత సరుకుకు పోయే రోజున ఇస్త్రీ చీర కట్టడం మొదలుపెట్టింది.

"గాజులు కొననీకె పోయెటోళ్లకు ఇస్త్రీ చీరేందే? సేటు ఇంట్ల పెండ్లా?" అనేవాడు భర్త లక్‌పతి, దుకాణంలో గాజుల డబ్బాలు సర్దుతూ.

"చీర మంచిగుంటె సేటు మంచి సరుకు తీస్తడు. నీకు తెల్వది, ఊకో."

అట్లా కొన్నేళ్ళలో ఆమె చాలా చూసింది. అర్థమైనవి తక్కువే. కాని అర్థం కానిదాని ముందు ఎలా నిలబడాలో మిగతావాళ్ళను చూసి నేర్చుకుంది. ముందు దగ్గరికి వెళ్ళాలి, తల కొంచెం వంచాలి, తర్వాత వెనక్కి జరగాలి. ఒకసారి అలా గొప్పగా వెనక్కి జరుగుతూ, ఎవరో పేర్చిపెట్టిన కుండల మీద కూర్చోబోయింది. ఇంకోసారి ఒక చీకటి గదిలో టీవీ పెట్టారు. అందులో ఒకాయన ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి నీళ్ళు పోస్తున్నాడు. మధ్యలో లేచిపోతే ఏమనుకుంటారోనని గంగమణి కూర్చునే ఉంది. ఆ బొమ్మకు చివరంటూ లేదని, అదే తిరిగి మొదలవుతోందని తెలిసేసరికి బాన్సువాడ బస్సు వెళ్ళిపోయింది.

పెద్ద పేరున్నవాళ్ళ ప్రదర్శనల కంటే, కొత్త పిల్లలు పెట్టేవే ఆమెకు నచ్చేవి. కారణం, బోణీ. బోణీ కాని ముఖం ఎలా ఉంటుందో దుకాణం నడిపినవాళ్ళకే తెలుస్తుంది. ఆ పిల్లలు తమ బొమ్మల పక్కన చేతులు వెనక్కి కట్టుకొని, తమది కానట్టు, అటేపు చూడనట్టు నిలబడేవాళ్ళు. ఒక ఏడాది పెద్ద హాలులో చెక్క గోడలు కట్టి, దేశం నలుమూలల నుంచీ వచ్చినవాళ్ళకు తలా ఒక గది ఇచ్చి, కళల మేళా పెట్టారు. గంగమణికి అచ్చం మన అంగడిలోనే తిరుగుతున్నట్టుంది. గుమ్మం ముందు గట్టిగా నవ్వేవాళ్ళు బేరం అయినవాళ్ళు. లోపల స్టూలు మీద కూర్చొని నీళ్ళ సీసా మూత తిప్పుతున్నవాళ్ళు బోణీ కానివాళ్ళు. ఆమె అట్లాంటి గదులనే వెతుక్కొని పోయేది. కాసేపు నిలబడి, "మంచిగున్నది బిడ్డా, కండ్లకు నిలబడ్డది," అనేది. అర్థం కాకపోయినా అనేది. పక్కింటి పసిబిడ్డను చూసినప్పుడు అనమా ఏం?

పసిబిడ్డ అంటే గుర్తొచ్చింది. కొన్ని బొమ్మల పక్కన గోడ మీద చిన్న ఎర్ర చుక్క అంటించి ఉండడం గంగమణి మొదటినుంచీ గమనించింది. ఎవరినీ అడగలేదు. అడగడానికేముంది? దిష్టి చుక్క. నల్లది పెడితే తెల్ల గోడ మీద అసహ్యంగా ఉంటుందని పట్నంవాళ్ళు ఎర్రది పెడుతున్నారు, అంతే కదా. చదువుకున్నవాళ్ళు కూడా ఇవన్నీ పాటిస్తున్నందుకు ఆమెకు సంతోషమేసింది. ఒక పెద్ద చిత్రకారుడి ప్రదర్శనలో అన్ని బొమ్మలకూ చుక్కలు చూసి, ఉండబట్టలేక చెప్పింది కూడా:

"మంచి పని జేసిన్రు సారూ, ఒక్కదాన్ని ఇడువకుండ అన్నిటికి చుక్క వెట్టిన్రు."

ఆయన రెండు చేతులూ జోడించి, "అంతా మీబోటివాళ్ళ దయ తల్లీ," అన్నాడు. ఇద్దరూ తృప్తిగా విడిపోయారు.

కొత్త పిల్లల బొమ్మలకు మాత్రం ఆ చుక్కలు చాలా అరుదు. పెద్దదిక్కు లేని పిల్లలు, ఎవరు పెడతారు పాపం, అనుకునేది గంగమణి.

ఆమె అక్క పోసవ్వ. బావ ముత్తెన్న బాన్సువాడకు దగ్గరలోనే వరి, చెరకు పండించే రైతు. వాళ్ళ బిడ్డ పల్లవి చిన్నప్పుడు చిన్నమ్మ దుకాణంలోనే ఎక్కువ ఉండేది, గాజుల అట్టపెట్టెల వెనకాల బొమ్మలు గీసుకుంటూ. ఇంటర్ అయ్యాక హైదరాబాదులో బొమ్మల కాలేజీలో సీటు వచ్చింది. ముత్తెన్న ససేమిరా అన్నాడు. ఆ పంచాయితీ తీర్చడానికి గంగమణి, లక్‌పతి వాళ్ళింటికి పోయారు.

"బొమ్మలేసుడు గూడ సదువేనా? గణపతికి రంగేయనీకె హైదరాబాదు పోవాల్నా?" అన్నాడు ముత్తెన్న మంచం మీద కూర్చొని.

"నీకు తెల్వది బావా. గా బొమ్మలోళ్లను నేను సూసిన. మస్తు మంచోళ్లు. ఒకరు గట్టిగ మాట్లాడరు. ఎంతసేపున్నా పొమ్మనరు. చాయిస్తరు, బిస్కీట్లిస్తరు."

"నువ్వేడ సూసినవ్?"

లక్‌పతి కూడా చాయ గ్లాసు దించి భార్య వైపు తిరిగాడు.

"సరుకుకు పోయినప్పుడు... జర గట్ల పోతుంట," అంది గంగమణి చీర అంచు చూసుకుంటూ.

"ఎప్పటిసంది?" అన్నాడు లక్‌పతి.

"శాన ఏండ్లసంది."

"అయితె ఇస్త్రీ చీర సేటు కోసం గాదన్నట్టు!"

"నీ సేటు పాడుగాను. మొదాలు బాత్రూమ్‌కు పోయిన, ఇగ అలవాటయింది."

పోసవ్వ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది. ముత్తెన్నకు కూడా మూతి బిగించడం కష్టమైంది. నవ్వినవాడు వెంటనే కాదనలేడు. కాని షరతు పెట్టాడు.

"సరే. సదవనియ్యి. సదువైనంక మనది గాని మనిషి, మన సుట్టం గాదు, మన ఊరోడు గాదు, ఒక్కడు రావాలె. గీ పిల్ల బొమ్మ నాకు గావాలె అనాలె. అనకుంటె రంగుడబ్బ మూసేసి బీఈడీ చేసి పంతులమ్మ గావాలె. పూచీ ఎవరిది?"

"నాది," అంది గంగమణి, పూచీ అంటే ఎంత బరువో తూచుకోకుండానే.

చదువు పూర్తయింది. రెండువేల ఏడు మేలో పల్లవి, ఇంకో నలుగురు కొత్త పిల్లలు కలిసి మొదటి ప్రదర్శన పెట్టారు. అందులో పల్లవి పెద్ద బొమ్మ ఒకటే. మార్కెట్ యార్డులో వడ్ల బస్తాల మీద ఒక రైతు పడుకొని ఉంటాడు. ముఖం మీద తువ్వాల కప్పుకున్నాడు. చూసేవాళ్ళ వైపు ముందుకొచ్చి కనిపించేవి రెండు పాదాలు, పగుళ్ళతో, మట్టితో, ఇంతింత పెద్దవి. తూకం వంతు రాక, కాపలా కాస్తూ కాస్తూ నిద్రపోయినవాడి పాదాలవి.

ప్రదర్శన నడిచినన్నాళ్ళూ పల్లవికి బోణీ కాలేదు. ఆఖరి రోజు ముత్తెన్న చూడడానికొస్తున్నాడు. గంగమణి అంతకంటే ముందే చేరుకుంది. పల్లవి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"చిన్నమ్మా, బాపు రాంగనే పోదాం పా అంటడు. నేను సామాను గూడ కట్టుకున్న."

"ఊకో. పొద్దు వోలేదింక," అంది గంగమణి. పూచీ బరువు అప్పుడు తెలిసింది.

పల్లవి సమోసాలు తేవడానికి బయటికెళ్ళింది. గంగమణి ఆ బొమ్మ ముందు ఒంటరిగా నిలబడి చూసింది. ఇంత మంచిగున్న బొమ్మకు ఎవరూ రాకపోవడమేమిటి? పక్క గోడ మీద ఇంకో అబ్బాయి బొమ్మ దగ్గర ఎర్ర చుక్క కనబడింది. అదన్నమాట సంగతి! ఎవరి పాడు కళ్ళు పడ్డాయో. పెద్దదిక్కుగా తనుండి కూడా ఈ పిల్లకు దిష్టి చుక్క పెట్టలేదు. అటూ ఇటూ చూసి, నుదుటి మీది ఎర్ర బొట్టుబిళ్ళ తీసి, బొమ్మ పక్కన గోడకు గట్టిగా అంటించింది. సంచిలోని అట్ట మీద నుంచి ఇంకోటి తీసి తను పెట్టుకుంది. సొంత దుకాణం సరుకు, కొదవేముంది.

కాసేపటికి తెల్ల బట్టల్లో, కొత్త తువ్వాలతో ముత్తెన్న వచ్చాడు. అతని వెనకే సమోసాలతో పల్లవి, వస్తూనే చిన్నమ్మ చేతిలో ఒకటి పెట్టింది. ప్రదర్శన పనులు చూసే వైశాలి అనే అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చింది.

"పల్లవి వాళ్ళ నాన్నగారా? కంగ్రాట్స్ అంకుల్! మీ అమ్మాయి పెయింటింగ్ అమ్ముడుపోయింది. పొద్దున గ్యాలరీ ఓనర్ మేడం వచ్చి పెట్టి వెళ్ళినట్టున్నారు, చూడండి, రెడ్ డాట్."

"గదేంది?"

"ఎర్ర చుక్క పెట్టారంటే ఎవరో తీసేసుకున్నట్టే అంకుల్."

గంగమణి నోట్లో సమోసా అట్లాగే ఆగిపోయింది. ఇన్నేళ్ళూ తను మెచ్చుకున్న దిష్టి చుక్కలన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. చేతులు జోడించిన ఆ పెద్ద చిత్రకారుడు కూడా కనబడ్డాడు.

పల్లవి ఏడుస్తూ నవ్వుతూ ఆమె మెడకు చుట్టుకుంది. "చిన్నమ్మా! అమ్ముడువోయింది చిన్నమ్మా!"

నిజం గొంతు దాకా వచ్చింది. సమోసా అడ్డం ఉంది.

ముత్తెన్న బొమ్మ దగ్గరికి నడిచాడు. వంగి, ఆ పాదాలను చూశాడు. ఎడమ కాలి చిటికెన వేలు పక్కకు వంకరగా ఉంది. మెల్లగా తన చెప్పులోంచి ఎడమ పాదం బయటికి తీసి చూసుకున్నాడు.

"ఎవరు గొన్నరు?" అన్నాడు.

"తెలీదు అంకుల్, మేడం వస్తే చెప్తారు."

"ఏడ వెట్టుకుంటరు?"

"డ్రాయింగ్ రూంలో పెట్టుకుంటారేమో."

"వచ్చిపోయెటోళ్లందరి ముంగట నా కాళ్లా?"

"అది గౌరవం అంకుల్," అంది వైశాలి నవ్వుతూ.

ముత్తెన్న నవ్వలేదు. బిడ్డ గెలిచింది, సంతోషించాలి, అది తెలుసు. కాని ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు తనను నిద్రలోనే ఎత్తుకుపోతున్నట్టుంది అతని వాలకం. తువ్వాల తీసి మెడ తుడుచుకొని, ఒక అడుగు అటు పోయి మళ్ళీ ఇటే వచ్చాడు.

అప్పుడే కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన లోపలికొచ్చాడు. అన్ని బొమ్మలూ గబగబా దాటేసి, ఈ పాదాల ముందు ఆగిపోయాడు. దగ్గరికెళ్ళాడు, వెనక్కొచ్చాడు, అద్దాలు తుడుచుకొని మళ్ళీ దగ్గరికెళ్ళాడు. అప్పుడు చుక్క చూశాడు. "అయ్యో, పోయిందా!" అని గట్టిగా నిట్టూర్చి, మరి దేనివైపూ చూడకుండా బయటికి నడిచాడు.

ఇక గంగమణి వల్ల కాలేదు. తన బొట్టు పల్లవి బోణీని గేటు దాటిస్తోంది. ఒక్క అంగలో గోడ దగ్గరికెళ్ళి, గోరుతో చుక్క పీకేసింది.

"ఏం చేస్తున్నారు ఆంటీ!" అని అరిచింది వైశాలి.

"ఇది నా బొట్టు. బావా, ఇది నా బొట్టే. దిష్టి దగుల్తదని నేనే వెట్టిన. ఎవరు గొనలే," అని గుక్క తిప్పుకోకుండా చెప్పి, ఎవరి ముఖమూ చూడకుండా గేటు వైపు పరుగు తీసింది. అప్పటికే కళ్ళద్దాలాయన స్కూటరు కదిలింది.

"ఓ సారూ! అద్దాల సారూ! అమ్ముడువోలే! గది బొట్టు సారూ! బొట్టు!"

రోడ్డు మీద అందరూ ఆమె నుదుటి వైపే చూశారు. స్కూటరు మూల తిరిగిపోయింది.

తిరిగి లోపలికి రావడం గంగమణి జీవితంలో అతి పొడవైన నడక. వైశాలి కిటికీలోంచి బయటికి చూస్తోంది. భుజాలు కదులుతున్నాయి, పాపం నవ్వు ఆపుకుంటోంది. పల్లవి గోడకానుకొని, ముఖం తెల్లబోయి ఉంది. ముత్తెన్న బొమ్మ ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు.

"బావా, తప్పయింది..."

"ఊకో," అన్నాడు ముత్తెన్న. బిడ్డను పిలిచాడు. "ఇటు రా. గా వేలు సంగతి నీకెట్ల ఎర్క? ట్రాక్టరు మీదపడ్డప్పుడు నువ్వు పుట్టలే. నేనెవరికి సూపెట్టలే."

"సూసిన బాపూ."

"ఎప్పుడు?"

పల్లవి నేల చూసింది. "నువ్వు పండుకున్నప్పుడే గద నిన్ను మంచిగ సూసేది. లేసున్నప్పుడు నీ మొకం సూడాల్నంటె భయమైతది."

ముత్తెన్న తువ్వాలతో ముఖం ఒత్తుకున్నాడు, చెమట కోసమే అన్నట్టు. ఏసీ మాత్రం బాగానే నడుస్తోంది.

"ఇప్పుడెవరన్న వచ్చి అడిగితే?" అన్నాడు వైశాలితో.

"ఇస్తాం అంకుల్."

"ఇయ్యొద్దు. ఇది ఇంటికి తీస్కపోతం."

గంగమణికి ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది, మరుక్షణమే పడిపోయింది. "మరి నీ షరతో బావా? పరాయోడు అడగాలె అంటివి. మనింటికి మనం తీస్కపోతే లెక్కలకొస్తదా?"

ముత్తెన్న బెంచీ మీద నుంచి లేచాడు. షరతు పెట్టినవాడి దర్జా అంతా గొంతులోకి తెచ్చుకున్నాడు.

"గా అద్దాలాయన రాలేదా?"

"వచ్చిండు గని అడగలే గద."

"'అయ్యో' అన్నడా, లేదా?"

"అన్నడు."

"మన సుట్టమా?"

"కాదు."

"మన ఊరోడా?"

"కాదు బావా."

"ఇగ ఏం గావాలె నీకు? గావాలె అనుకున్నోడే 'అయ్యో' అంటడు. నీ బొట్టు లేకుంటె గా ముక్క గూడ అనకపోవునేమొ, గమ్మున సూసి పోతుండె." ఆగి, పల్లవి వైపు చూడకుండానే అన్నాడు: "గా కట్టిన సామాను ఇప్పుకో. ఇంకేమేం సదువులున్నయో కనుక్కో. బీఈడీ గిట్ల ఏమొద్దు."

పల్లవి బావురుమంది. వైశాలి కిటికీ దగ్గర్నుంచి వచ్చి సమోసాల పళ్ళెం అందరి ముందూ తిప్పింది. గంగమణి ఈసారి జాగ్రత్తగా, చిన్న ముక్కలు తుంచుకొని తిన్నది.

బొమ్మ బాన్సువాడ బస్సులో డ్రైవరు వెనక సీట్లో నిలబడి వచ్చింది. దాని కాళ్ళు కనబడకుండా ముత్తెన్న తన కొత్త తువ్వాల కప్పాడు. ఊళ్ళో ముందు గదిలో, అతను మధ్యాహ్నం నడుం వాల్చే మంచానికి సరిగ్గా పైన మేకు కొట్టారు. జూన్‌లో పల్లవి పై చదువుకు హైదరాబాదు పోయింది. బొమ్మ ఇంటికొచ్చినప్పటినుంచీ చూడడానికొచ్చిన వాళ్ళకు చాయలు పోసీ పోసీ విసిగిపోయిన పోసవ్వ, ఒక రోజు గంగమణి వచ్చేసరికి గుమ్మంలోనే నిలదీసింది.

"ఇంట్ల ఒక్కడు పండుకుంటె సాలదని, గోడకొకన్ని తెచ్చి పండవెట్టిన్రానే?"

మంచం మీద తువ్వాల కింద నుంచి ముత్తెన్న గొంతు వినబడింది.

"లొల్లి జెయ్యకు. ఇద్దరం లేస్తం."